కంచు బిళ్ళ మీద పేరు

1956. శాలిబండలో పాత నాణేలు కొనే దుకాణం. ముసలి యజమాని అరచేతంత కంచు బిళ్ళను తిప్పి చూశాడు.

"ఎక్కడిది భాయ్?"

"మా బాపుది. మొదటి జర్మన్ లడాయిల కొట్లాడిండు. తెల్లదొరలు మెచ్చి ఇచ్చిన్రు."

"నీకెవరిచ్చిన్రు?"

"బాపే. లడాయి నుంచి వచ్చినంక నా చేతుల పెట్టిండు."

"మంచిగ యాది చేసుకో."

"కసమ్! గిప్పుడు గూడ ఇంట్ల హుక్కా తాగుతుండు."

"గిది బతికొచ్చినోళ్ళకు ఇయ్యరు భాయ్. లడాయిల సచ్చినోళ్ళ ఇంటికి పంపుతరు. మీద పేరు సదివినవా?"

"ఇంగ్లీషు రాదు."

"ఓదెలు. మా అన్న. మొన్న యాకుత్‌పురాల మా వదిన పూజగూట్ల నుంచి గీ బిళ్ళ పోయింది."

"పోలీసులను పిలువకు అన్నా, కాళ్ళు మొక్కుత!"

"పోలీసులెందుకు? దీనికి బొట్టు పెట్టందే ఆమె అన్నం ముట్టదు. నడువ్, నీ చేతులతోనే గూట్ల పెట్టు."