రాణి కేక

సాయంత్రం, వంటగది. భర్త గిన్నెలు కడుగుతున్నాడు. వీడియో గేములకు శబ్దాలు కూర్చడం అతని పని. అతను పనిచేసిన కత్తియుద్ధాల గేమ్ రెండో భాగం నిన్ననే విడుదలైంది. భార్య బల్ల దగ్గర కూర్చుని రివ్యూలు చదువుతోంది.

"ఆ కుళాయి కట్టేయండి. ఇంకోటి చదువుతాను."

"చాల్లే. ఎన్నని చదువుతావు?"

"పదికి తొమ్మిదిన్నరండీ! 'మొదటి భాగం కత్తిసాము అయితే ఇది నాట్యం. తలలు తెగిపడుతున్నా కళ్లు తిప్పుకోలేం.' అబ్బ, ఎంత బాగా రాశాడో."

"తలలు తెగిపడితే కళ్లు తిప్పుకోవాలి. అదేం మెచ్చుకోలు?"

"మొదటి భాగానికి 'కత్తుల చప్పుడు బాగుంది' అని ఎవరో ఒక్క ముక్క రాస్తే వీధంతా చాటింపేశారు. ఇప్పుడేమైంది?"

"అప్పుడు రెండు గరిటెలు ఒకదానితో ఒకటి రుద్ది చేశాను ఆ చప్పుడు. అది నా కష్టం."

"ఇదిగో, ఈవిడ తిట్టింది."

"తిట్టిందా? ఏదీ, చదువు."

"తిట్టిందంటే మొహం వెలిగిపోయిందేంటి!"

"చదువు మరి."

"'కథ సున్నా. నెత్తురు కూడా ఇస్త్రీ చేసినట్టుంది. పైపై మెరుగులు.' నాలుగే ఇచ్చింది."

"సరిగ్గా చెప్పింది."

"ఆగండి, అయిపోలేదు. 'ఇందులో నిజమైంది ఒక్కటే. రాజు చచ్చిపోయినప్పుడు రాణి పెట్టే కేక. అది నటనంటే నమ్మను.' అందరూ ఆ కేక గురించే రాస్తున్నారు. ఎవరండీ ఆ నటి?"

"ఎవరో. స్టూడియోకి చాలామంది వస్తుంటారు."

"పేరు?"

"గుర్తులేదు. ఆ పళ్లెం ఇలా ఇవ్వు."

"పళ్లెం మీ చేతిలోనే ఉంది."

"ఆ... అవును."

"మధ్యాహ్నం నేనూ విన్నాను. ఎవరో వీడియోలో వేశాడు. మళ్లీ వేశాడు, మళ్లీ వేశాడు. 'ఒళ్లు జలదరించింది బాబోయ్' అని నవ్వుతున్నాడు."

"విన్నావా?"

"అది స్టూడియోలో తీసింది కాదు."

"కాదు."

"ఆసుపత్రిలోది. మామయ్యగారు పోయిన రోజుది."

"కావాలని తీయలేదు, ఒట్టు. నువ్వూ అమ్మా లోపల ఉన్నారు. నేను వరండాలో ఉండిపోయాను. లోపలికి రావాలంటే భయమేసింది. చేతులు ఊరికే ఉండలేక రికార్డర్ తీశాను. ఫ్యాన్ చప్పుడు, స్ట్రెచర్ చక్రాల చప్పుడు... అవి పడుతున్నంతసేపూ నాన్న ఉన్నట్టే అనిపించింది. అంతలో మూసిన తలుపు వెనక నుంచి ఆ కేక."

"తీశారు సరే. దాచుకుని ఊరుకోవచ్చుగా?"

"ఊరుకున్నాను. కానీ రాణి కేక ఏ నటి చేసినా కుదరలేదు. డైరెక్టరు నెత్తిమీద కూర్చున్నాడు. ఒక్కసారి పెట్టి చూసి తీసేద్దామనుకున్నాను. వినగానే ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఇక తీసేస్తానని చెప్పలేకపోయాను."

"ఒక్క మాట అడగాల్సింది."

"ఏ మొహం పెట్టుకుని అడగను? ఏడుపు అప్పిస్తావా అనా?"

"తెలిస్తే ఎంత బాధ! అది ఆలోచించారా?"

"ఆలోచించకుండా ఉంటానా? అందుకే కదా ఇన్నాళ్లూ నీ మొహం చూడలేకపోయాను. తిట్టు, పడతాను. రేపే వెళ్లి తీసేయమంటాను, ఉద్యోగం పోతే పోనీ. నువ్వు మాత్రం క్షమించానని ఒక్క మాట అను."

"నేనా? నేనెందుకు క్షమించాలి?"

"నీ గొంతు కదా."

"నా గొంతా?"

"ఇంకెవరిది? అమ్మ అరిచే మనిషి కాదు. నాన్న మీద కూడా ఏనాడూ గొంతెత్తలేదు."

"ఆ రోజు నేను నోరే విప్పలేదండీ. అత్తయ్యని రెండు చేతులతో పొదివి పట్టుకుని కూర్చున్నాను."

"అయితే అది... అమ్మా?"

"తలుపు మూసుంది కదా, మీకు చివరి 'ఆ' ఒక్కటే వినపడి ఉంటుంది. ఆవిడ ఏడవలేదు. 'నాన్నా' అని మిమ్మల్ని పిలిచారు."