బల్ల మీద చెయ్యి

డాక్టరుగారి క్లినిక్‌లో బీపీ చూసే గది. నర్సు ఒక పెద్దాయన చేతికి పట్టీ చుడుతోంది.

“పిన్నిగారు రాలేదేం, బాబాయ్‌గారూ?”

“పెద్దాసుపత్రిలో ఉందమ్మా. పక్షవాతం. మాట పడిపోయింది. బీపీ ఏళ్ళ తరబడి ఉండి ఉంటుందన్నారు.”

“అయ్యో! నెలనెలా మీ వెంట ఇక్కడికే వచ్చేవారు కదా!”

“నాకు తోడుగా. డాక్టరుగారు చెప్పింది ఇంటికెళ్ళేసరికి సగం మర్చిపోతానని.”

“ఆవిడకీ బీపీ చూస్తానని ఓసారి అడిగాను. ఆవిడే వద్దన్నారు.”

“తను కాదమ్మా, నేను. ‘గుండ్రాయిలా ఉంది, దానికి బీపీ ఏంటి? నాకు తెప్పించేదే అది!’ అన్నాను. నువ్వూ నవ్వావు.”

“నవ్వాను, బాబాయ్‌గారూ.”

“తనూ నవ్వింది. అప్పటికే కుర్చీ ముందుకు జరుపుకుని, చెయ్యి ఈ బల్ల మీద పెట్టింది. నవ్వుతూనే మెల్లగా వెనక్కి తీసుకుంది.”