తవిటమ్మ పేరిట అంబులెన్సు

గజపతినగరం దగ్గర ఒక పల్లె. ధనరాజు ఇంటి అరుగు. ఎదురుగా అతని కూతురు యమున. ఒకప్పుడు పిస్టల్ షూటింగ్‌లో పతకాలు కొట్టిన మనిషి, ఏడాదిగా ఎమ్మెల్యే.

“మీ యమ్మ నీ గెలుపు ఊరేగింపు వల్లే పోయింది. అందులో తగువేటీ లేదు.”

“నాన్నా, నేను రేపటి సంగతి అడగడానికొచ్చాను.”

“కూకుని అడుగు.”

“మీటింగుంది. బండి ఆగున్నాది. కొత్త అంబులెన్సుకి అమ్మ పేరెట్టాం. జెండా నువ్వే ఊపాల.”

“తవిటమ్మ అంబులెన్సు.”

“అవును.”

“ఆ రోజు దారివ్వనోళ్లు ఇయ్యాల పేరిస్తన్నారు.”

“దారివ్వలేదనకు. జనం. నేనేటి సెయ్యగల్ను?”

“గుండెనొప్పంటే అంబులెన్సులో ఇజీనగరం ఆస్పత్రికి తీసుకెళ్తన్నాం. రోడ్డు నిండా నీ డప్పులు, నీ బాణాసంచా. జీపెక్కి బొమ్మ తుపాకీతో పొటోలు దిగింది జనమా, నువ్వా?”

“ఆ తుపాకీ పార్టీవోళ్లిచ్చారు.”

“నువ్వట్టుకున్నావు.”

“నాన్నా, వస్తావా రావా?”

“పశువులసాలలో నువ్వు గురి నేర్చినన్నాళ్లూ గుమ్మం కాడే కూకుంది మీ యమ్మ. కోడి అరిస్తే కోడిని తోలింది. నేను దగ్గితే నన్ను తిట్టింది. నీ సెవిన ఏదీ పడకూడదని.”

“తెలుసు.”

“బాగానే నేర్పింది. సైరను కూడా పడలేదు నీకు.”

“పడింది.”

“ఏటి?”

“ఇన్నాను నాన్నా. సైరనిన్నాను.”

“ఇని?”

“వద్దులే.”

“ఇని ఏటి సేసావు, సెప్పు.”

“నాకోసం వస్తన్న పోలీసు బండి అనుకున్నాను. ఎమ్మెల్యేనయ్యాను కదా, ఇంక ఎనకాల సైరను మోగుతాదనుకున్నాను. తిరిగి... సెయ్యూపాను.”

“నవ్వుతా ఊపావు.”

“నువ్వు సూసావా?”

“నేనొక్కణ్నే కాదు.”

“అమ్మ? అమ్మ పడుకునుంది కదా.”

“నీ డప్పులిని లేపి కూకోబెట్టమంది. వద్దన్నా ఇన్లేదు. అద్దంలోంచి సూసింది. ‘నా గుంట యమున నన్ను ఆనవాలట్టింది, సెయ్యూపింది సూడు’ అంది.”

“నువ్వేటన్నావు?”

“అవునన్నాను. ఆ మాట మీదే పోయింది.”

“నాన్నా...”

“రేపు రాను. ఇంక ఈ సంగతి నువ్వడిగినా, ఊరంతా అడిగినా, నా నోట రాదు. ఎల్లు.”