కోటిలింగం ఒక్క చుక్క కూడా ముట్టని టీ

కొరిటెపాడులో బాపయ్య టీ బండి దగ్గర పొద్దున్నే మొదటి గ్లాసు కోటిలింగానిది. మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఆయన నోటి వెంట ఉన్నదున్నట్టుగా ఒక్క మాట వస్తే ఆ రోజు ఎండాకాలమైనా వానపడుతుందని బండి దగ్గర చెప్పుకుని నవ్వుకుంటారు. నవ్వుకుంటారు గానీ, ఆయన రాకపోతే ఎవరికీ టీ రుచించదు.

అలాంటి కోటిలింగం నిన్న ఆదివారం రాలేదు. ఎటు పోయాడో అందరికీ తెలుసు. రోడ్డుకి అవతల ఏనాడో మూతపడ్డ పొగాకు గోడౌన్లో ఈ మధ్య శని, ఆదివారాలు సంత పెడుతున్నారు. పచ్చళ్ళు, పిండివంటలు, మంగళగిరి చీరలు, తాటాకు బుట్టలు, కొయ్య బొమ్మలు, ఇంకా ఏమిటేమిటో. ఆ రెండు రోజులూ బాపయ్య బండి ముందు బల్ల ఖాళీ. కొత్త కదా, చూసొస్తారులే అని బాపయ్య సరిపెట్టుకున్నాడు. కానీ కోటిలింగం కూడా అటే పోయాడని తెలిసేసరికి మనసు చివుక్కుమంది. ఎందుకంటే ఆ సంతలో ఒక టీ కొట్టు కూడా ఉంది.

వాడు అక్కడ టీ తాగాడా? నిన్నటి నుంచీ బాపయ్య బుర్రలో ఇదొక్కటే. అడుగుదామంటే నామోషీ. ఆ ఉక్రోషంలో, "ఇక ఆదివారాలు బండి తియ్యనురా," అని ఆటో నడిపే కోటేష్‌తో అనేశాడు కూడా.

ఇవాళ సోమవారం, ఎప్పటి వేళకే కోటిలింగం వచ్చి, చేతిసంచీ బల్ల మీద పడేసి కూర్చున్నాడు. సంచీ మూతి తెరుచుకుంది. లోపల ఒక మట్టికప్పు కనిపించింది. దాని అంచుకి టీ మరక. బాపయ్య చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు. రోజూ చేతికందించే గ్లాసుని ఇవాళ తీసుకెళ్ళి బల్ల చివర పెట్టాడు.

కోటిలింగం ఆ గ్లాసు వంక చూశాడు, బాపయ్య వంక చూశాడు. లేచివెళ్ళి తెచ్చుకున్నాడు.

"ఏం బాబాయ్, నిన్న అయిపు లేవు, ఎటు పోయావు?" అని కోటేష్ కదిపాడు.

"ఏం లేదురా, ఊరికే అలా సంత చూసొద్దామని వెళ్ళా. మనకేం పని అక్కడ? గేటు దగ్గర నిలబడి ఒక్క చూపు చూసి వచ్చేద్దామనుకున్నా. ఇంతలో వినుకొండావిడ ఒకతె పచ్చడి కొట్టు పెట్టుకుని, 'పెద్దాయనా, పండుమిరపకాయ పచ్చడి, రుచి చూడండి, కాస్త కారం, జాగ్రత్త' అంది. ఎవరితో? నాతో! జాగ్రత్తట! సరే, రవ్వంత నాలిక మీద వేసుకుని, 'బాగానే ఉందమ్మా, కారం వెయ్యడం మర్చిపోయినట్టున్నావు' అన్నా. పాపం ఆవిడ మొహం చిన్నబోయింది. ఇంకో జాడీ తీసింది. గరిటెడు తిన్నా. ఇంకో జాడీ తీసింది. గరిటె ఎందుకు దండగని జాడీయే ఎత్తా. పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం నిలబడున్నార్రా, వాళ్ళు తినలేదు, నేను తింటుంటే చూశారంతే, ఇద్దరికీ కళ్ళల్లోంచి ధారలు!"

"నీకు రాలేదా అన్నయ్యా?" అంది పక్కన కూర్చుని కనకాంబరాలు కడుతున్న గురవమ్మ.

"నాకెందుకొస్తాయి? యార్డులో పనిచేసినవాణ్ణి, నా కన్నీళ్ళు ఎప్పుడో ఇంకిపోయాయి. కానీ ఒకటొచ్చింది. తుమ్ము! యార్డులో మనం ఒక్క తుమ్ము తుమ్మి ఎరగం, బస్తాల మధ్య తుమ్మితే పరువేం కాను? ఇన్నేళ్ళ తుమ్ములూ లోపలే అణుచుకున్నా. అవన్నీ కలిసి నిన్న ఒక్కసారే బయటికొచ్చాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గోడౌను కూలిందా?"

"కూలలేదురా, అబద్ధం ఎందుకు? పైన రేకులు లేచి మళ్ళీ వాటి చోట అవే కూర్చున్నాయి. అంతే. కానీ పక్కనే మంగళగిరి చీరల కొట్టు. ఆ గాలికి నిజాం అంచు చీర ఒకటి మడత విప్పుకుని లేచింది. నేసినవాడు లబోదిబోమన్నాడు. నేను ఊరుకుంటానా? కొంగు పట్టుకున్నా. ఆ చీరా, ఎంత తేలికనుకున్నావు, నన్నేసుకుని పైకి లేచిపోయింది!"

ఇడ్లీలకని వచ్చి దారిలో ఆగిన మందులషాపు లక్ష్మీకాంత్ చేతిలోని క్యారేజీ బల్ల మీద పెట్టేసి కూర్చున్నాడు. బాపయ్య మాత్రం ఇటు తిరగలేదు. కాగుతున్న పాలని అవసరం లేకపోయినా కలుపుతున్నాడు.

"అలా పోయా, పోయా. గుంటూరంతా కాళ్ళకింద. అటు చూస్తే కొండవీడు. ఇటు చూస్తే మా ఇల్లు. మేడ మీద మా వెంకాయమ్మ వడియాలు పెడుతోంది. మొగుడు ఆకాశంలో పోతుంటే ఏ ఆడదైనా బెంబేలెత్తిపోతుందా లేదా? ఇది తలెత్తి చూసి, 'వచ్చేటప్పుడు కరివేపాకు తెండి' అని కేకేసింది!"

"తెచ్చావా?"

"తేకపోతే ఇంట్లోకి రానిస్తుందా?"

అందరూ పగలబడి నవ్వారు. బాపయ్యకీ నవ్వొచ్చింది గానీ పళ్ళ బిగువున ఆపుకున్నాడు. సంచీలో కప్పు ఇంకా కనిపిస్తూనే ఉంది.

"మరి దిగడం ఎలా దిగావు బాబాయ్?"

"అక్కడే వచ్చింది తంటా. ఆ చీర తీసుకెళ్ళి తీసుకెళ్ళి," కోటిలింగం బాపయ్య వీపు వంక చూసి, గొంతు పెంచాడు, "సరిగ్గా టీ కొట్టు ముందు దింపింది. మట్టికప్పులట, బెల్లం టీయట! ఒక కప్పు పుచ్చుకోండి అన్నారు. వద్దన్నా. కుర్చీ వేశారు. కూర్చోనన్నా. సంతకి సంతంతా పనులు మానేసి నా చుట్టూ చేరింది. బుట్టలల్లే వాళ్ళు, బొమ్మల వాళ్ళు, ఆ వినుకొండావిడా, అందరూ దణ్ణాలు పెడుతున్నారు. ఒక్క గుక్క తాగండి బాబూ, మీరు తాగితేగానీ ఈ కొట్టు నిలబడదు అని. నేనేమన్నానో తెలుసా? నా నోటికి తెలిసిన టీ ఒక్కటే, అది మా బాపయ్య టీ, అన్నా!"

పాలు కలుపుతున్న గరిటె ఆగింది. బాపయ్య మొదటిసారి ఇటు తిరిగాడు.

"అయితే తాగలేదంటావు."

"తాగడమా? విను! నేను కాదనేసరికి ఆ టీకి రోషమొచ్చిందిరా. గిన్నెలోంచి పొంగింది. పొంగి, పొయ్యి దాటి, బల్ల దాటి, సాగర్ కుడి కాలువకి నీళ్ళొదిలినట్టు గోడౌన్లో పారింది. జనం దోసిళ్ళతో తాగుతున్నారు. నేను పంచె పైకి కట్టి, పెదాలు బిగబట్టి, మోకాలి లోతు టీలో నడిచి బయటికొచ్చా. ఒక్క చుక్క నోట పడితే ఒట్టు. మా వెంకాయమ్మ మీద ఒట్టు!"

"కరివేపాకూ ఆవిడే, ఒట్టూ ఆవిడే. పాపం, వదినకి ఇంకేం పన్లేదా అన్నయ్యా!" అంది గురవమ్మ.

బాపయ్య నవ్వలేదు. కోటిలింగం ఇన్నేళ్ళలో ఎన్ని కోతలు కోసినా బాపయ్య ఎప్పుడూ బాధపడలేదు. ఇవాళ బాధేసింది. ఇంతసేపూ ఇంత కథ అల్లింది ఈ ఒక్క అబద్ధం కోసమేనా అనిపించింది. ఆ కప్పు తీసి అందరిముందూ బల్ల మీద పెట్టేద్దామని సంచీ వైపు చెయ్యి చాపాడు.

సరిగ్గా అప్పుడే ఒక స్కూటీ వచ్చి ఆగింది.

"బాపయ్య గారి బండి ఇదేనాండీ?" అంటూ దిగిందో అమ్మాయి. "నా పేరు నజ్మీన్. సంతలో టీ కొట్టు నాదే. ఇవాళ సంత ఉండదు కదా, ఒకసారి మీ టీ తాగి పోదామని వచ్చా."

కోటిలింగం గబుక్కున పక్కకి తిరిగి, ఎదురుగోడ మీది చిరిగిన సినిమా పోస్టరు చదవడం మొదలుపెట్టాడు. లాభం లేకపోయింది.

"అరె, పెద్దాయనా! మీరూ ఇక్కడే ఉన్నారా!"

కోటేష్ కళ్ళు మెరిశాయి. "ఏం చెల్లెమ్మా, మా బాబాయ్ నిన్న నీ దగ్గర టీ తాగాడా?"

"తాగడమా! నేను పొయ్యి వెలిగించేసరికి వచ్చి కూర్చున్నారండీ. సాయంత్రం సర్దుకునేదాకా కదిల్తే ఒట్టు. ఎన్ని కప్పులయ్యాయో లెక్కపెట్టడం మానేశా."

లక్ష్మీకాంత్ టీ పొలమారి దగ్గాడు. గురవమ్మ చేతిలో దండ జారింది. అంతా గొల్లుమన్నారు, బాపయ్య తప్ప.

"పచ్చడి జాడీ సంగతో?" అన్నాడు కోటేష్.

"అదా! వేలితో ఇంత నాకి, మంచినీళ్ళు మంచినీళ్ళు అని పరిగెత్తుకుంటూ వచ్చింది మా కొట్టుకేగా," అంది నజ్మీన్. "తాగింది తాగారు. కానీ ప్రతి కప్పుకీ ఒకటే మాటండీ. 'బాగానే ఉందమ్మా, మా బాపయ్య టీ ముందు ఇదెంత!' నాతో అంటే పోనీ అనుకోవచ్చు. వచ్చినోళ్ళందరికీ అదే చెప్పారు, నా కొట్టు ముందు నిలబడి! అంటూనే ఇంకో కప్పు పొయ్యమ్మా అంటారు. మీ టీ వాసన తగిలితే పెద్దాసుపత్రిలో మంచం పట్టినోళ్ళు కూడా లేచి నడిచొస్తారట, నిజమేనాండీ? చివరికి ఒక కప్పు అడిగి పట్టుకెళ్ళారు. వచ్చే సంతకి ఇందులోనే మా వాడి టీ తెచ్చి తాగిస్తా, అప్పుడు ఒప్పుకుంటావు అని. ఈయన తెచ్చేదాకా ఎందుకని నేనే వచ్చేశా."

బాపయ్యకి నిన్నటి నుంచీ మోసిన కోపమంతా ఏమైపోయిందో తెలియలేదు. కోటిలింగం మొహంలోకి చూడ్డానికి సిగ్గేసింది.

"మరి తాగలేదని ఒట్టెందుకు వేశావురా?" అన్నాడు మెల్లగా.

కోటిలింగం పోస్టరు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "నువ్వు నా గ్లాసు తీసుకెళ్ళి బల్ల చివర పెడితే, ఇంకేం చెప్పమంటావురా?"

బాపయ్య సంచీలోంచి కప్పు తీసి వేడినీళ్ళతో కడిగాడు. అల్లం ఇంకాస్త దంచి వేసి, ఆకు మళ్ళీ కొత్తగా వేసి, మరిగించి, పైనుంచి నురగ వచ్చేలా పోసి నజ్మీన్ చేతికిచ్చాడు. ఆమె ఊది, ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగింది. బండి దగ్గర అందరూ ఆమె మొహం వంకే చూస్తున్నారు. కోటిలింగం కూడా పోస్టరు వదిలేసి ఇటు తిరిగాడు.

"చాలా బాగుందండీ," అంది. "కానీ ఈయన చెప్పినంత లేదు."

"ఈడు చెప్పినంత ఏదీ ఉండదమ్మా," అంటూ బాపయ్య, పొద్దుటి నుంచీ ఆపుకున్న నవ్వంతా నవ్వాడు. నవ్వుతూనే కోటిలింగం పక్కన కూర్చుని, ఆయన గ్లాసు నిండా పోసి, చేతికే ఇచ్చాడు.

"మావయ్యా," అన్నాడు కోటేష్, "అయితే ఆదివారాలు బండి తియ్యనన్నావు, ఆ సంగతేంటి?"

"నేనా? నేనెప్పుడన్నానురా?"

కోటిలింగం తాగుతున్న గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"విన్నారా? అందరూ విన్నారా? ఊరికే నన్నంటారు గానీ, కోతలు కోసేదెవరో ఇప్పటికైనా తెలిసిందా!"