అత్తగారి స్కేలు

కోడలికి రేపే రెడీమేడ్ బట్టల కంపెనీలో ఇంటర్వ్యూ. రిటైరైన టీచరు అత్తగారు కుట్టుమిషను పక్కన కూర్చుని ఇంగ్లీషు చెబుతున్నారు. చిన్న తప్పు దొర్లినా చాలు, స్కేలు బల్లమీద టక్కుమంటుంది.

"కత్తెరతో కత్తిరిస్తాను, చెప్పు."

"ఐ కట్ విత్ సిజర్స్."

"నీలం గుండీల చొక్కా?"

"ఎ షర్ట్ విత్ బ్లూ బటన్స్. ఈ 'విత్' నాకు కొట్టినపిండి అత్తయ్యా, ఇంకేదైనా అడగండి!"

"అంత ధీమానా? మావాడు నిన్నొదిలేసి పోయాడుగా. ఇప్పుడెవరితో ఉంటున్నావని వాళ్ళడిగితే ఏమంటావే?"

కోడలు తడుముకోలేదు.

"ఐ లివ్ విత్ మై మదర్."

గాల్లోకి లేచిన స్కేలు అక్కడే ఆగిపోయింది.

"మదరిన్లా అనలేదుగా నేను. కొట్టరేం అత్తయ్యా?"

"తప్పు చెబితేగా కొట్టడానికి!"