శాటిలైట్ బాబాయి వెనక్కి లాగిన ఏడాది

శాటిలైట్ బాబాయిని సూటిగా ఏదైనా అడిగితే ఆయనకు చెవుడొస్తుంది. పొగిడితే మాత్రం పక్క వీధిలో గుసగుసలాడినా వినిపిస్తుంది. ఈ సంగతి మందుల కొట్టావిడకి తెలియనిది కాదు. అయినా నిన్న సూటిగానే అడిగింది.

"బాబాయ్, పది రోజుల కిందట మా కంప్యూటర్ బాగుచేశారు కదా, దాన్నేం చేశారు? అప్పట్నుంచీ పేజీలు తెరుచుకోవట్లేదు."

"నేనా? నేను దాన్ని ముట్టుకోలేదే! దూరం నుంచి చూశానంతే" అని ఆయన గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. బయట ఎండా లేదు, వానా లేదు.

ఆవిడకి అది చిన్న సంగతి కాదు. కొట్టు లైసెన్సు పొడిగించుకోవడానికి ఇవాళ సాయంత్రం ఐదింటి వరకే గడువు. ఆ పని ఇంటర్నెట్లోనే జరగాలి, అదీ ఆవిడ కంప్యూటర్లోనే జరగాలి, ఎందుకంటే ఆవిడ డిజిటల్ సంతకం ఉన్న పెన్ డ్రైవు ఇంకే యంత్రంలో పెట్టినా పలకదు. తీరా ఆ పేజీ తెరవబోతే తెర నిండా ఎరుపు. "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని పెద్ద అక్షరాలు, వాటి కింద చీమల బారులాగా చిన్న అక్షరాలు. బ్యాంకు పేజీ అంతే, మెయిలూ అంతే. ఒక్క హోల్‌సేల్ వాళ్ళ పేజీ మాత్రం, బాబాయి చెయ్యి పడ్డ రోజు నుంచి, పిలిస్తే పలికినట్టు తెరుచుకుంటోంది. మరిదికి ఫోన్ చేస్తే "ఆపేసి మళ్ళీ ఆన్ చెయ్యి వదినా" అన్నాడు. అతను పెద్ద చదువు చదివి నేర్చుకున్నది అదొక్కటే కాబట్టి ఆవిడ బాధపడలేదు. కానీ ఇవాళ ఆ పేజీ తెరుచుకోకపోతే రేపు షట్టరు లేపడానికి వీల్లేదు.

అందుకని పొద్దున బాబాయి మందుల కొట్టుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చోగానే ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది. ఆయనకి చక్కెర ఎక్కువ వేసి టీ ఇవ్వమంది. తర్వాత టైలరుకీ, టీ కొట్టాయనకీ వినిపించేలా అంది.

"మీకు తెలుసో లేదో, ఎవరూ తెరవలేని పేజీని మా బాబాయి తెరిచారు."

బాబాయి గ్లాసు పట్టుకున్న చిటికెన వేలు దానంతటదే లేచింది. ఒకప్పుడు ఇంటింటికీ టీవీ కేబుల్ లాగేవాళ్ళ దగ్గర ఈయన నిచ్చెన పట్టుకునేవాడు. నిచ్చెన పైకి ఎక్కేది వేరే వాళ్ళు, ఆకాశం గురించి మాట్లాడేది ఈయన. ఆ పేరు అలా స్థిరపడింది.

"అదేం పెద్ద పని కాదులే" అన్నాడు, మెడ గోక్కుంటూ. వారం రోజులుగా ఆయన మెడ మీద అరచేయంత ఎర్రటి దద్దు ఉంది. జేబులోంచి ట్యూబు తీసి దాని మీద కాస్త మందు రాసుకున్నాడు. "తలనొప్పి మాత్ర కోసం వెళ్ళాను. ఈ అమ్మాయి తల పట్టుకుని కూర్చుంది. ఏమ్మా అన్నాను. హోల్‌సేల్ పేజీ రావట్లేదు, సరుకు ఆర్డరు పెట్టాలి అంది. జరుగు అన్నాను. రెండు నొక్కులు నొక్కాను. వచ్చింది."

"అంతేనా?" అన్నాడు టైలరు. పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడటం అతనికి అలవాటు. తొడుక్కునేవాళ్ళకి అతను కుట్టిన చొక్కాలు అలవాటు కావడమే కష్టం.

"అంత తేలిగ్గా ఎలా వస్తుంది?" అంది మందుల కొట్టావిడ. "మా మరిది అంత చదివి చేతులెత్తేశాడు. బాబాయి పెద్దమనసుతో తగ్గించి చెబుతున్నారు."

తగ్గించి చెబుతున్నారనే మాట ఆయన పుట్టాక ఎవరూ అనలేదు. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"అడిగావు కాబట్టి చెబుతున్నానమ్మాయ్. బ్రౌజరంటే ఏమనుకున్నారు మీరంతా? అది గుమ్మంలో కాపలావాడు. దానికి భద్రత సెట్టింగులని ఉంటాయి, అవి తలుపులు, ఒకటి కాదు రెండు కాదు ఏడు, ఒకదాని వెనక ఒకటి. మొదటి తలుపు దగ్గరే ఎర్ర తెర లేచింది. వేరేవాడైతే ప్లగ్గు పీకి పారిపోయేవాడు. నేను దాన్ని కళ్ళార్పకుండా చూశాను. అదీ నన్ను చూసింది. కాసేపటికి ఎరుపు కాస్తా నారింజ అయింది, నారింజ కాస్తా పసుపైంది, ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెమటలు పట్టాయి."

"మీకా?"

"తెరకి!"

"ఆ కొట్లో ఫ్యాను సరిగ్గా తిరగదులెండి" అన్నాడు టీ కొట్టాయన.

"అలా ఆరు తలుపులూ దాటాను. ఏడో తలుపు మీద చెయ్యి వేశానో లేదో ఫోను మోగింది. ఎవరనుకున్నారు? ఆ బ్రౌజరు తయారుచేసిన వాళ్ళలో అందరికన్నా పైవాడు! అయ్యా, మీరు ఆ తలుపు తోశారంటే లోకంలో ఉన్న తాళాలన్నీ ఊడి కింద పడతాయి, నేను పిల్లలుగలవాణ్ణి అని ఒకటే ఏడుపు."

"ఏ భాషలో బాబాయ్?"

"ఏడ్చేవాడికి భాషేమిటోయ్!"

మందుల కొట్టావిడ నవ్వలేదు. గోడ గడియారం వైపు ఓసారి చూసి, ఇంకో చెంచా పొగడ్త వేసింది. "పాపం, ఆ పెద్దాయనకి కూడా అంతుపట్టలేదన్నమాట. అసలు జబ్బేమిటో మీరే పట్టుకుని ఉంటారు."

"మరి? నేనే చెప్పాను వాడికి. ఒరే అబ్బాయ్, ఈ అమ్మాయి మందుసీసాలకి ఉన్నట్టే ప్రతి పేజీకీ ఒక గడువు తేదీ ఉంటుందిరా, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు నమ్మొచ్చు అని ముద్ర వేసి ఉంటుంది, ఆ హోల్‌సేల్ వాళ్ళు బద్ధకస్తులు, పాత ముద్ర గడువు తీరినా కొత్తది వేయించుకోలేదు, నీ కాపలావాడు ముద్ర చూశాడు, క్యాలెండరు చూశాడు, పో అన్నాడు, అంతే సంగతి అన్నాను. ఫోన్లోంచి దండం పెట్టిన చప్పుడు వినిపించింది."

టైలరు దండం చప్పుడెలా ఉంటుందో అడగబోయాడు. మందుల కొట్టావిడ అతన్ని చేత్తో ఆపింది. ఇంతసేపట్లో బరువున్న మాట అదొక్కటే. మిగతాదంతా నురుగు. గడువు తేదీలతోనే బతికే మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

"మరి వాళ్ళ ముద్రని మీరు మార్చలేరు కదా. అప్పుడేం చేశారు?" అంది మెల్లగా.

బాబాయి బల్ల మీద నుంచి లేచి నిలబడ్డాడు. కూర్చుని చెప్పే విషయం కాదది.

"ముద్ర నా చేతిలో లేదు. కానీ కాలం ఉంది! కాలాన్ని జుట్టు పట్టుకుని ఏడాది వెనక్కి ఈడ్చాను!"

"అమ్మో" అన్నాడు టీ కొట్టాయన, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పైన శాటిలైట్లన్నీ కీచుమని బ్రేకులేసి, ఒకదాన్నొకటి తిట్టుకుంటూ వెనక్కి తిరిగాయి. గాల్లో ఉన్న విమానం బయలుదేరకముందే దిగిపోయింది, జనమంతా పెట్టెలు పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ ఇళ్ళకి పోయారు. ఇంట్లో మీ పిన్ని పొయ్యి మీద విరిగిపోయిన పాలు మళ్ళీ మంచి పాలయ్యాయి. ఇదిగో ఈ టైలరు కుట్టిన బట్టలన్నీ కుట్లూడి మళ్ళీ తాన్లలోకి వెళ్ళిపోయాయి."

"అదీ సంగతి! డాక్టరుగారి కోటు ఇంకా ఎందుకు పూర్తి కాలేదా అని నేనే ఆశ్చర్యపోతున్నాను" అన్నాడు టైలరు.

"అంతెందుకు, పోయినేడు ఊడిన నా ముందు పన్ను చిగుళ్ళోంచి తళుక్కున మొలిచింది!"

ముగ్గురూ ఆయన నోట్లోకి చూశారు. పన్ను ఉండాల్సిన చోట సందు హాయిగా ఉంది.

"ఏదీ మరి?"

"లోకం అతలాకుతలమైపోతుంటే చూస్తూ ఊరుకుంటానా? కాలాన్ని మళ్ళీ ముందుకు తిప్పేశాను. పన్ను ఊడింది. ఒక్క పన్ను కోసం లోకాన్ని ఆపుకుంటామా?"

"పెద్ద మనసు బాబాయ్ మీది" అంది మందుల కొట్టావిడ. "లోకానికంతటికీ ముందుకు తిప్పారు. మా కొట్లో కూడా తిప్పారా?"

మెడ గోక్కుంటున్న చెయ్యి ఆగింది.

"నీ కొట్లోనా? అదెలా తిప్పుతానమ్మాయ్? తిప్పితే ఆ హోల్‌సేల్ పేజీ మళ్ళీ మూసుకుపోదూ!"

అనేశాక గానీ తనేమన్నాడో ఆయనకి వినిపించలేదు.

"అయితే, నేను మీకు మాత్ర వేసుకోవడానికి మంచినీళ్ళు తెద్దామని లోపలికెళ్ళినప్పుడు, కంప్యూటర్ గడియారంలో సంవత్సరం ఒకటి తగ్గించారు. తేదీ, నెల అలాగే ఉంచారు కాబట్టి నా కంటికి ఆనలేదు. మీ కాపలావాడికి పోయినేటి క్యాలెండరు చూపించారు. వాడు ఆ ఒక్క పేజీని లోపలికి రానిచ్చాడు. మిగతా పేజీలవన్నీ కొత్త ముద్రలు, పోయినేటికి ఇంకా పుట్టనే లేదు. వాటిని దొంగలనుకుని గెంటేస్తున్నాడు."

"మరి ఏడు తలుపులూ?" అన్నాడు టీ కొట్టాయన.

"ఒక్క అంకె" అంది ఆవిడ. "బాబాయ్, మీ జేబులో ఉన్న ఆ ట్యూబు ఇలా ఇవ్వండి."

దద్దు మందు ట్యూబు అది. ఆయన పొద్దుటి నుంచి దాన్ని జేబులోంచి తీసి మెడకి రాసుకుంటూనే ఉన్నాడు. ఎంత రాస్తే దద్దు అంత పెరుగుతోంది.

"పాత కంపెనీదే కావాలని వారం కిందట నాతో గొడవపడి అడుగు అరలోంచి తీయించుకున్నారు. నాకు అనుమానం వచ్చి కంప్యూటర్లో చూశాను. గడువు ఇంకా బోలెడుంది అని చెప్పింది. నేనూ ట్యూబు మడత విప్పి చూసుకోకుండా దాన్ని నమ్మాను, నాకూ బుద్ధి లేదు." ఆవిడ తేదీ అచ్చేసి ఉన్న ట్యూబు తోక విప్పి వెలుతురులోకి పెట్టింది. "గడువు తీరి నాలుగు నెలలు. లోకాన్ని వెనక్కి ఈడ్చారో లేదో నాకు తెలియదు గానీ, చచ్చిన మందుని బతికించి మీ మెడకి మీరే రాసుకున్నారు."

టైలరు గుండుసూదులు అరచేతిలోకి ఉమ్మి మరీ నవ్వాడు. వాటిని మింగకుండా నవ్వాలంటే వేరే దారి లేదు.

"ఇది పారేయండి. సబ్బుతో కడుక్కోండి, డాక్టరుగారికి చూపిద్దాం" అని ఆవిడ రోడ్డు దాటింది. వెనకే టైలరు, పొయ్యి తగ్గించి టీ కొట్టాయన, కాస్త దూరంగా, ఎవరో పిలిచినట్టు అటూ ఇటూ చూస్తూ బాబాయి.

తెర మీద ఎరుపు అలాగే ఉంది. గడియారం మార్చే ముందు ఆవిడ మొదటిసారి కళ్ళజోడు పెట్టుకుని కింది చీమల బారు చదివింది. "మీ కంప్యూటర్‌లో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి." పది రోజులుగా రాసే ఉంది. ఎరుపు చూసి ఆవిడ గుండె పట్టుకుంది, మరిది ఫోను పెట్టేశాడు. అక్కడిదాకా చదివినవాళ్ళు లేరు.

ఆవిడ సంవత్సరం ఒకటి పెంచింది. పేజీని మళ్ళీ పిలిచింది. తెల్లటి తెర మీద ఆవిడ కొట్టు పేరు వచ్చింది. పెన్ డ్రైవు గుచ్చి సంతకం పెట్టింది, లైసెన్సు పొడిగించినట్టు కబురు వచ్చింది. ఆ తర్వాత ఈ పది రోజుల్లో అమ్మినవన్నీ వెతికింది. గడువు దాటి బయటికెళ్ళింది ఆ ట్యూబు ఒక్కటే. హోల్‌సేల్ పేజీ తలుపు ఎప్పట్లాగే మూసుకుంది. వాళ్ళకి ఫోన్లో ఆర్డరూ చెప్పింది, ముద్ర సంగతీ చెప్పింది. ఆ రెండో దానికి కొంచెం గొంతు పెంచింది.

గుమ్మంలో నిలబడ్డ బాబాయి మెడ నిటారుగా చేశాడు.

"చూశారా! నేను నోరు తెరిచి చెప్పబట్టే ఇవాళ ఈ అమ్మాయి కొట్టు నిలబడింది!"

"చాల్లే బాబాయ్, కోతలు" అన్నాడు టైలరు. టీ కొట్టాయన పొయ్యి గుర్తొచ్చి వెళ్ళిపోయాడు.

బుద్ధెరిగాక ఆయన తన గురించి చెప్పుకున్న గొప్పల్లో నిజం అదొక్కటే. అది నిజమని తెలిసిన మనిషి కూడా ఒక్కతే. ఆయన ఆవిడ వైపు ఆశగా చూశాడు.

ఆవిడ పెన్ డ్రైవు సొరుగులో పెట్టి తాళం వేసింది.

"అవునూ, ఆ శాటిలైట్లు ముందుకొచ్చేశాయా బాబాయ్, ఇంకా అలాగే వెనక్కి తిరుగుతున్నాయా?"