టెక్లా వదిన పోసిన పాలు

ఆగాగు, ఆ పాల సీసా నీ పాపకి అందకుండా పైన పెట్టు. ఎక్కడ కొన్నావే? రోడ్డు పక్కనా? అమ్మినావిడ, సంతలో రేడియేషన్ మిషను కింద పెట్టి చూసిన చీటీ ఇచ్చిందా? లేదా! ఓరి దేవుడా. నవ్వకు జోర్యానా. అణు కరెంటు కేంద్రంలో రియాక్టరు పేలి నలభై ఏళ్లు కావొస్తోంది కదా అమ్మమ్మా అంటావు. ఆ దిక్కుమాలిన సీజియం విషం మా అడవి గడ్డిలో ఇంకా ఉందట. పుట్టగొడుగులు కూడా చీటీ లేకుండా ఇంట్లోకి రానివ్వను. చాదస్తమే, అవును. మీ తాత అక్క టెక్లా వదినని చూసుంటే నువ్వూ ఇలాగే తయారయ్యేదానివి.

ఊరంతా కలిసి పనిచేసే సామూహిక క్షేత్రంలో ఆవులన్నీ ఆవిడవే అన్నట్టుండేది. ఏం గొంతో తల్లీ! "గ్లాసులు పట్టుకురండర్రా!" అంటే వీధి చివర పిల్లలు కూడా పరిగెత్తాల్సిందే. రియాక్టరు పేలిన రోజు మేం బంగాళాదుంపలు నాటుతున్నాం. ఎవడూ చెప్పలేదే! ఆవులు అప్పుడే కొత్త పచ్చికలోకి వెళ్లాయి. రెండు రోజులు పోయాక పాలబండి రావడం మానేసింది. ఎందుకో తెలీదు. పాలు పారబోయడం మా వాళ్లకి రొట్టె తొక్కినంత పాపం. వదిన ఊరుకుంటుందా? అప్పుడే పిండిన పాలు, నురగతో, వీధి పిల్లలందరికీ పంచింది. ఎదురింటి మొత్ర్యా ఒక్కతే, పిసినారిది, పిల్లలకి చుక్క పొయ్యకుండా వెన్న తీసి, జున్ను గట్టిగా ఒత్తి నెలల తరబడి నేలమాళిగలో దాచుకుంది. మేమంతా దాన్ని తిట్టాం. తర్వాత తెలిసిందేంటంటే, పాలలో పడ్డ ఆ అయోడిన్ విషం రెండు మూడు నెలల్లో దానంతటదే పోతుందట. దాని పిల్లలు ముగ్గురూ గుండ్రాయిల్లా ఉన్నారు. వింటున్నావా? అందరికీ పంచినావిడ పిల్లలకి విషం పోసింది, తలుపేసుకున్నది కాపాడింది. ఇదెక్కడి న్యాయమే!

మూడో వారంలో పట్నం నుంచి డాక్టరొచ్చాడు. బడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి, మెడ దగ్గర మిషను పెడితే అది టకటకా కొట్టుకుంటోంది. మీ అమ్మ లెస్యాకి నాలుగేళ్లు. దాని దగ్గరికొచ్చేసరికి ఆ మిషను ఆగకుండా అరిచింది. ఆయన తలెత్తి, "మొదటి వారం వీళ్లకి పచ్చిపాలు పోసిందెవరు?" అన్నాడు. వదిన చెయ్యెత్తింది. బహుమతి ఇస్తారనుకుందో ఏమో! "నేనేనండీ! ఒక్కరికీ తక్కువ కాకుండా పోశా!" ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మొదటి రోజే థైరాయిడ్‌ని కాపాడే బిళ్ల వేసి, కిటికీలు మూసి, పిల్లల్ని ఇంట్లో ఉంచి, ఆవుకి పాకలో పాత ఎండుగడ్డి వేసుంటే సరిపోయేదట. ఇంతే! ఇంత చిన్న మాట!

ఐదేళ్లకి మీ అమ్మకి థైరాయిడ్‌లో గడ్డ తేలింది. ఆ మెడ మీద గీత, చిన్నప్పుడు పడిపోతే తగిలిందని నీకు చెప్పిందా? కాదు, కోశారు. మా వీధిలో ముగ్గురికి. వదిన ఆసుపత్రికి రోజూ కోడి పులుసు మోసుకొచ్చి, దాని మెడకి రుమాలు తనే కట్టేది. మళ్లీ జన్మలో పాలు ముట్టలేదు. పోయే ముందు కూడా, "మరదలా, దాని గొంతు నేనే కోశాను" అంది.

నేను ఊరుకున్నాను.

ఏం చెప్పను? నాలుగో రోజు ఆవిడ బిందె ఎత్తి పారబోయబోయింది. "బండి రావట్లేదంటే ఏదో ఉందే మరదలా, నాకు భయంగా ఉంది" అంది. నేనే బిందె పట్టుకున్నాను. "బాగుంది సంబడం, మా లెస్యాకి ఇంకో చెంబు పొయ్యి" అన్నాను. ఆ రోజు నుంచి ఇంకో వారం పోయించుకున్నాను. బడిలో ఆవిడ చెయ్యెత్తినప్పుడు పక్కనే ఉన్నాను. నేను చెయ్యెత్తలేదు. ఆ తర్వాత పదకొండేళ్లు బతికిందే ఆవిడ.

అలా చూడకు. పాప లేచినట్టుంది, వెళ్లి ఎత్తుకో. ఆ సీసా ఇటివ్వు.